టాబ్లెట్‌లో బొమ్మ ఆగిపోవుచున్నదా? కొత్తది కొనుటకు ముందు రూటరును చూడుడు

గడచిన ఆడి మాసములో మన సంఘ సభ్యులలో ఒక పెద్దాయన కార్యాలయమునకు వచ్చి 18,000 రూపాయల అప్పు కావలెనని అడిగినారు. పట్టు కొనుటకో, జరీ కొనుటకో అనుకొన్నాను. “అదేం కాదు నాయనా, కొత్త టాబ్లెట్ కొనాల. ఉండేది పనికి రాకుండా పోయింది” అన్నారు. ఏమి జరిగినదని అడుగగా సంగతి చెప్పినారు.

బెంగుళూరులో వారికి చాల కాలముగా తెలిసిన వ్యాపారి ఒకరున్నారు. దీపావళి సరకు కొరకు ఆడి మాసములోనే చీరలు చూచుట ఆయనకు అలవాటు. మునుపు తానే ధర్మపురికి వచ్చి పోయెడివారు. ఇప్పుడు వీడియోలో చూపించిన చాలునంటున్నారు. పెద్దాయన కోడలు మగ్గము వద్దనే నిలిచి నెమలికంఠము రంగు చీర ఒకటి టాబ్లెట్ ముందు విప్పి చూపినది. నెమలికంఠమనగా మనకు చెప్పనక్కరలేదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. బట్టను వెలుతురులో ఇటు అటు కదల్చినగాని ఆ రెండు రంగుల మెరుపు కంటికి అందదు. కాని ఆ సమయమునకు టాబ్లెట్‌లో బొమ్మ ఆగిపోయినది. వ్యాపారికి కనిపించినది కదలని మసక నీలము మాత్రమే. “ఇది సాదా నీలమేగదా, ఈ ధర ఎందుకు?” అని అడిగి, కోడలు సమాధానము చెప్పుచుండగా మాట కూడ తెగిపోయి, ఆయన ఫోను పెట్టివేసినారు. పది చీరల బేరము అది. ఒక్క చీరకు ఇంటిల్లిపాది ఎన్ని దినములు కూర్చుందురో ఈ పత్రిక చదువువారికి తెలియును.

అప్పు ఇచ్చుటకు నాకు అభ్యంతరము లేదు. కాని మగ్గముపై పోగు తెగినప్పుడు మనము మగ్గమును మార్చము, పోగు ఎక్కడ తెగినదో వెదకుదుము. “మామా, ముందు ఇంటికి వచ్చి చూస్తాను, ఆ తరువాత దరఖాస్తు వ్రాసుకొందాము” అని చెప్పి ఆ సాయంకాలమే వెళ్లినాను. నేను ఇంజనీరును కాను. కార్యాలయపు ఇంటర్నెట్‌తో కొన్ని సంవత్సరములుగా కుస్తీపట్టి నేర్చుకొన్నదే నా విద్య.

మొదట తెలిసికొనవలసినది ఒకటున్నది. ఇంటర్నెట్ మన చేతికి రెండు అంచెలలో వచ్చును. వీధి స్తంభము నుండి ఇంటిలోని పెట్టె వరకు తీగపై వచ్చునది మొదటి అంచె. ఆ పెట్టెయే రూటరు. రూటరు నుండి టాబ్లెట్ వరకు గాలిలో వచ్చునది రెండవ అంచె, దానినే వైఫై అందురు. మనము నెలనెలా డబ్బు కట్టునది మొదటి అంచెకు. తగాదా వచ్చునది చాలవరకు రెండవ అంచెలో. “50 మెగాబిట్ల ప్లాను కట్టినాము, అయినను నిదానమే” అని చెప్పి 100కు మార్చుకొన్న సభ్యులు మనలో ఉన్నారు. గాలిలోని అంచె చెడియున్నప్పుడు తీగపై ఎంత వచ్చినను లాభమేమి?

ఆంధ్ర దేశములో 2016 డిసెంబరులో ఆనాటి తూర్పు గోదావరి జిల్లాలోని మోరి గ్రామమున ఇంటింటికి ఫైబరు ఇచ్చి డిజిటల్ గ్రామముగా ప్రకటించినారు. అది చేనేత కుటుంబములు గల ఊరే. అప్పటికి అది పత్రికలలో వ్రాయదగిన వింత. నేడు మన వీధులలో కూడ ఫైబరు వచ్చినది. 2023లో కేంద్ర జౌళి శాఖవారు చేనేత, హస్తకళల వారు నేరుగా అమ్ముకొనుటకు ఇండియా హ్యాండ్‌మేడ్ అను ఇంటర్నెట్ అంగడిని తెరచినారు. దానిలో సరకు పెట్టవలెనన్నను చక్కని ఫొటోలు ఎక్కించవలెను. కాబట్టి గుమ్మము వరకు వచ్చిన ఇంటర్నెట్‌ను గుంటమగ్గము వరకు తీసికొనిపోవుట ఇప్పుడు మన వృత్తిలో ఒక భాగమైనది.

ఇక పెద్దాయన ఇంటి సంగతి. ఏ అంచెలో లోపమున్నదో తెలియుటకు సులభమైన పరీక్ష కలదు. రూటరుకు రెండడుగుల దూరములో నిలిచి, ఇంటిలోని మిగిలిన ఫోనులు, టీవీ ఆపివేసి, వేగము కొలుచు పేజీ ఏదైనను తెరచి చూడవలెను. మనుమరాలి ఫోనులో 46 మెగాబిట్లు వచ్చినది. అదే చోట అదే నిమిషమున టాబ్లెట్‌లో 5 మాత్రమే. మగ్గము వద్దకు పోయి చూడగా టాబ్లెట్‌లో 1 కూడ సరిగా లేదు. అనగా వీధి నుండి వచ్చు తీగలో దోషము లేదు. కంపెనీవారికి ఫోను చేసి ప్రయోజనము లేదు. దోషము రూటరుకు టాబ్లెట్‌కు నడుమ నున్నది.

ఇచట ఇంకొక మాట. ఆ పేజీలో రెండు అంకెలు కనిపించును. ఒకటి దిగు వేగము, రెండవది ఎక్కు వేగము. సినిమా చూచువారికి మొదటిది చాలును. చీర చూపించువారికి రెండవదే ప్రాణము, ఎందుకనగా బొమ్మ మన ఇంటి నుండి బయటికి పోవలెను. స్పష్టమైన వీడియో మాటకు ఎక్కు వేగము నిలకడగా రెండు మూడు మెగాబిట్లు ఉన్న చాలును. 2023 జనవరి నుండి ప్రభుత్వము వారు 2 మెగాబిట్లకు తక్కువైనదానిని బ్రాడ్‌బ్యాండ్ అని పిలువరాదని నిర్ణయించినారు. మనకు కావలసినది పెద్ద వేగము కాదు, తెగకుండ నుండు వేగము.

రూటరు ఎక్కడ నున్నదని చూచినాను. ముందు గదిలో ఇనుప బీరువాపైన, గోడకు ఆనించిన పెద్ద అద్దము వెనుక నున్నది. కనపడకుండ అందముగా ఉండునని అక్కడ పెట్టినారట. వైఫై అనునది రేడియో తరంగము. ఇనుమును అది దాటలేదు. అద్దము వెనుక పూత కూడ లోహమే. మగ్గపు గది ఇంటికి వెనుకవైపున, నడుమ రెండు మందపు గోడలు. ఆ తరంగము పాపము ఎంత దూరము పోగలదు? అదృష్టవశమున ఫైబరు తీగ చుట్ట చుట్టి కొంత మిగిలియున్నది. రూటరును నడవలోని కొయ్య అరపైకి, తలకంటె కొంచెము ఎత్తున మార్చినాము. మగ్గము వద్ద 1 నుండి 4 అయినది. రూటరు ప్రక్కన మాత్రము అదే 5. కాబట్టి చోటు మార్చుట ఒక్కటే చాలలేదు, లోపల సెట్టింగులు చూడవలసి వచ్చినది.

ఫైబరు తీగ కదల్చువారు జాగ్రత్తగా నుండవలెను. దాని లోపల నున్నది గాజు పోగు. ఆ పోగు నడుమ వెలుతురు నడచు దారి 9 మైక్రానులు మాత్రమే, అనగా మన ధర్మపురి పట్టుగూళ్ల సంతలో రాశులు పోయు గూళ్లలోని దారముకంటె సన్నము. గూటి దారమును ముడివేసినను తెగదు. ఈ గాజును గట్టిగా వంచిన వెలుతురు ప్రక్కకు కారిపోవును, ఇంకను వంచిన విరుగును. గుండ్రముగా, వదులుగా చుట్టవలెనేగాని మేకుకు మడిచి కట్టరాదు. పెట్టెపై ఎర్ర దీపము వెలిగినదంటే ఆ పోగులో దెబ్బ తగిలినదని అర్థము. అది మన చేతిలో బాగగునది కాదు, కంపెనీ మనిషి రావలెను.

రూటరు సెట్టింగులు తెరచుట కష్టము కాదు. ఇంటి వైఫైకి కలిపియున్న ఫోనులోగాని టాబ్లెట్‌లోగాని బ్రౌజరు తెరచి పైన 192.168.1.1 అనిగాని 192.168.0.1 అనిగాని కొట్టవలెను. సరియైన అంకె, లోనికి పోవుటకు పేరు, పాస్‌వర్డు రూటరు అడుగున అంటించిన చీటీపై ఉండును. మొదట చేయవలసినది: ఏ పేజీలో ఏది మార్చబోవుచున్నామో మార్చకమునుపే ఫొటో తీసికొనుట. ఒకసారికి ఒకటే మార్చవలెను. మార్చిన వెంటనే వేగము కొలిచి కాగితముపై వ్రాసికొనవలెను. రంగు కలుపునప్పుడు రెండు రంగులు ఒకేసారి ఎక్కువ చేసినచో ఏది చెడగొట్టినదో తెలియనట్లే ఇదియు.

రూటరు వెనుక సన్నని రంధ్రమొకటి ఉండును. దానిలో సూది దూర్చి నొక్కకుడు. నేను నొక్కినాను. మూడేండ్ల క్రిందట సంఘ కార్యాలయములో, ఎవరో చెప్పిరని, పది సెకండ్లు నొక్కి పట్టినాను. కంపెనీవారు లోపల వ్రాసి పెట్టిన ఖాతా పేరు, రహస్య పదము అన్నియు చెరిగిపోయి రెండు దినములు కార్యాలయమునకు ఇంటర్నెట్ లేదు. ఆ రెండు దినములలోనే ఒక బిల్లు గడువు దాటినది. ఆపి మరల వెలిగించవలెనన్న గోడ స్విచ్చి చాలును.

పెద్దాయన టాబ్లెట్ కొంచెము పాత రకము. వైఫైకి రెండు వరుసలున్నవి, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ మరియొకటి. మొదటిది దూరము పోవును, గోడలు దాటును, కాని ఇరుకు. రెండవది వేగముగలది, గోడ అడ్డువచ్చిన త్వరగా నీరసించును. మనుమరాలి ఫోను రెండవ వరుసపై నడచుచున్నది గనుక 46 వచ్చినది. ఈ టాబ్లెట్‌కు మొదటి వరుస తప్ప తెలియదు. మీ టాబ్లెట్‌కు రెండును తెలిసిన పక్షమున, రూటరున్న గదిలో 5నే వాడుకొనుడు, మగ్గపు గదిలో రెంటిని కొలిచి మేలైనది పట్టుకొనుడు. దీనికి శాస్త్రముకంటె కొలతయే నమ్మదగినది.

ఇరుకు అన్నాను గదా. 2.4 వరుసను 13 చానళ్లుగా విభజించినారు. కాని చానలుకు చానలుకు ఎడము 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కొక్క రూటరు పరచుకొను వెడల్పు 20. కాబట్టి ఒకదానిపై ఒకటి పడకుండ నుండునవి 1, 6, 11 అను మూడే. చీర వెడల్పులో మూడు చీరలు నేయవలెననినట్లున్నది మన వీధుల పరిస్థితి. గోడలు కలిసిన ఇండ్లు, ఇంటింటికి ఒక రూటరు. వైఫై పేర్లతో పాటు చానలు కూడ చూపు యాప్ ఒకటి ఫోనులో వేసి చూడగా, ఆ ఇంటి నడవలో పదునొకండు వైఫైలు కనిపించినవి. అందు ఎనిమిది 6వ చానలుపైననే. పెద్దాయనదియు అందులోనిదే. సెట్టింగులలో 11కు మార్చినాము. ఇది తెలివియని కొందరు 3, 8, 9 వంటి అంకెలు పెట్టుదురు. అది మేలు కాదు. ఒకే చానలుపై నున్న రూటర్లు ఒకరి తరువాత ఒకరు మాటలాడుకొనును. సగము సగము పైబడినవి ఒకరి మాట నొకరు వినక గోల చేయును. అట్లే వెడల్పు అనుచోట 40 అని ఉన్నచో ఇరుకు వీధిలో 20కి దించుటయే మంచిది. పెద్ద అంకె పెట్టిన పెద్ద వేగము వచ్చుననుకొందుముగాని, అది ప్రక్కవారి మీద పడి మనమే ఆగవలసి వచ్చును.

చానలు మార్చిన తరువాత మగ్గము వద్ద 9 వచ్చినది. బాగుగనే ఉన్నది. “చాలు లే అన్నా, వీడియో ఆగకుండ వస్తుంది” అన్నది కోడలు. కాని రూటరు ప్రక్కన కూడ 14 దాటలేదు. నాకు అది మనసున పట్టలేదు.

అసలు మూలము సెక్యూరిటీ అను పేజీలో దొరికినది. పాస్‌వర్డును కాపాడుటకు రూటరు ఒక తాళపు పద్ధతిని వాడును. అక్కడ డబ్ల్యూ.పి.ఎ. అనియు, దాని ప్రక్కన టి.కె.ఐ.పి. అనియు ఉన్నది. ఇది 2003 ప్రాంతమున, అంతకు ముందున్న తాళము విరిగిపోయినందున తాత్కాలికముగా చేసిన తాళము. 2009లో వచ్చిన వేగవంతమైన వైఫై నియమావళి ప్రకారము ఈ పాత తాళము వేసియున్నప్పుడు కొత్త వేగములు ఇయ్యరాదు. రూటరు ఎంత మంచిదైనను, టాబ్లెట్ ఎంత మంచిదైనను, ఆ తాళము పడగానే రెండును అంతకు మునుపటి కాలపు 54 మెగాబిట్ల పద్ధతికి దిగిపోవును. ఆ 54 కూడ కాగితముపై లెక్క. చేతికి అందునది అందులో సగముకూడ ఉండదు, ఇరుకు వీధిలో ఇంకను తక్కువ. 18,000 పెట్టి కొత్త టాబ్లెట్ కొని ఆ వరుసపైననే కలిపియున్నచో అదియు అట్లే నడచియుండెడిది.

ఎవరు పెట్టినారని అడుగగా అప్పుడు పెద్దాయనకు జ్ఞాపకము వచ్చినది. ఆయన పాత ఫోను ఒకటి వైఫైకి కలియలేదట. రిపేరుకు వచ్చిన కుర్రవాడు ఏదో మార్చి కలిపి పోయినాడట. ఆ ఫోను చెడిపోయి రెండేండ్లైనది. తాళము మాత్రము అట్లే ఉన్నది. 5 వరుసకు తాళము వేరుగా పెట్టుదురు గనుక మనుమరాలి ఫోనుకు ఈ బాధ అంటలేదు.

డబ్ల్యూ.పి.ఎ.2, ప్రక్కన ఏ.ఇ.ఎస్. అని మార్చినాము. కొత్త రూటర్లలో డబ్ల్యూ.పి.ఎ.3 కూడ ఉండును, కాని పాత పరికరములు దానికి కలియకపోవచ్చును. మార్చగానే అన్ని ఫోనులు తెగిపోవును, భయపడనక్కరలేదు. టాబ్లెట్‌లో ఆ వైఫై పేరును మరచిపొమ్మని నొక్కి, మరల పాస్‌వర్డు కొట్టి కలుపవలెను. రూటరు ప్రక్కన 35, మగ్గము వద్ద 24. ఎక్కు వేగము 18. పెద్దాయన కళ్లజోడు పెట్టుకొని ఆ అంకెను మూడుసార్లు చూచినారు.

ఆ పూటనే పాస్‌వర్డు కూడ మార్చినాము. ప్రక్కింటి పిల్లలకు ఎప్పుడో చెప్పినది వీధి అంతయు పాకి, కలిసియున్న పరికరముల జాబితాలో తమవి కాని ఫోనులు నాలుగు కనిపించినవి. ఇందులో వేగము ఒక్కటే కాదు, ఆ ఇంటి బ్యాంకు లావాదేవీలు కూడ అదే వైఫైపై జరుగుచున్నవి. రూటరులోనికి పోవు రహస్య పదమును కూడ మార్చుకొని, కండెల డబ్బాలోనో దేవుని పటము వెనుకనో వ్రాసి దాచుకొనుడు. దానిని ఫోనులో అడుగువారు ఎవరైనను, ఏ శాఖ పేరు చెప్పినను, ఇయ్యవలదు.

ఇంత చేసినను కొన్ని ఇండ్లలో నెలాఖరున మాత్రమే నిదానించును. దానికి రూటరు కారణము కాదు. చాల ప్లానులలో నెలకు ఇంత అని హద్దున్నది. హద్దు దాటగానే కంపెనీవారు వేగమును తగ్గించుదురు. కుర్రవాండ్రు రాత్రుళ్లు సినిమాలు చూచి హద్దు ముగించివేసి, ఇరువది అయిదవ తేదీన తల్లి చీర చూపబోగా బొమ్మ ఆగును. నెల మొదటను నెల చివరను ఒకసారి కొలిచి చూచిన బయటపడును. మగ్గపు గదిలో టాబ్లెట్ మాటలాడుచుండగా వంటింటి మైక్రోవేవ్ పెట్టె నడిపినచో కూడ 2.4 వరుస చెదరును. మన ఇండ్లలో ఆ పెట్టెలు తక్కువే గనుక ఎక్కువ వ్రాయను.

ఇదంతయు ఇంగ్లీషు పదములతో నిండియున్నదని పెద్దలు విసుగుకొనవచ్చును. రూటరు పేజీలు ఇంగ్లీషులోనే ఉండును, నేనేమి చేయుదును? మన పిల్లలకు బడిలో తమిళము, ఇంగ్లీషు వచ్చును, తెలుగు చదువుట చాలమందికి రాదు. ఈ వ్యాసము చదువగలవారు పెద్దలు, ఆ పేజీ చదువగలవారు పిల్లలు. ఒకరు చదివి చెప్పుచుండగా మరియొకరు మార్చవలెను. పెద్దాయన ఇంటిలో మేము చేసినదదే. నేను చెప్పితిని, పదవ తరగతి చదువు మనుమరాలు మార్చినది. ఇప్పుడు ఆ అమ్మాయి ఆ వీధిలో ఇంకను రెండిండ్లు బాగుచేసినదని విన్నాను.

వారము తరువాత బెంగుళూరు వ్యాపారికి మరల ఫోను చేసి చూపినారు. కోడలు చీరను కిటికీ వద్ద కదల్చగా రెండు రంగులును స్పష్టముగా కనిపించినవి. కాని ఆయన అప్పటికే వేరొకచోట సరకు తీసికొనియుండెను. పదికి బదులు నాలుగు చీరలే తీసికొన్నారు. పెద్దాయన అప్పు దరఖాస్తును వాపసు తీసికొనలేదు. టాబ్లెట్ అను మాట కొట్టివేసి జరీ అని వ్రాసి, 18,000ను 8,000 చేసి మరల నా బల్లపై పెట్టినారు.

సభ్యులలో ఎవరికైనను ఈ ఇబ్బంది యున్నచో శనివారము సాయంకాలము కార్యాలయమునకు రావలెను. వచ్చునప్పుడు రూటరు అడుగు చీటీ ఫొటో, రూటరు ప్రక్కన ఒకటి, మగ్గము వద్ద ఒకటి కొలిచిన అంకెలు వ్రాసికొని తేవలెను. పిల్లలను వెంట తీసికొని వచ్చిన మరియు మంచిది.